ఇంట్లో కారు బ్రేకు పనికి సరైన పనిముట్టు ఎంచుకోవడం ఎలా

కారు బ్రేకు ప్యాడ్లు సొంతంగా మార్చుకుందామని అనుకున్నవారిలో చాలామంది మొదట చేసే పని, నలభై ఆరో నూట ఎనిమిదో పీసులున్న సాకెట్ పెట్టె ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడం. పెట్టె చూడడానికి నిండుగానే ఉంటుంది గాని, తీరా చక్రం ఊడదీసి కూర్చున్నాక బ్రేకుకు కావలసిన రెండు మూడు సైజులు అందులో కనిపించవు; కనిపించినా సాకెట్ గోడ మందంగా ఉండి క్యాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు అదిమి పట్టే భాగం) సందులోకి దూరదు. సరిపోని పనిముట్టుతోనే ఎలాగో నెట్టుకొద్దామనుకుంటే బోల్టు మూలలు అరిగిపోవడమో, బ్లీడర్ స్క్రూ (పాత ఆయిల్, గాలి బయటికి వదిలే చిన్న స్క్రూ) విరగడమో, పైపు మెలితిరగడమో జరుగుతుంది. అప్పుడు వందల రూపాయల ప్యాడ్ల పని కాస్తా వేల రూపాయల క్యాలిపర్ పనిగా మారుతుంది. అందుకే ముందు బండికి ఏ రకం బ్రేకు ఉందో చూసి, ఏ బోల్టుకు ఏ సైజు కావాలో కాగితం మీద రాసుకుని, ఆ తరువాతే దుకాణానికి వెళ్లాలి.

ఇక్కడ చెబుతున్నది ప్యాడ్లు, షూలు (డ్రమ్ము బ్రేకులో ప్యాడ్ల పని చేసేవి), డిస్కులు మార్చడానికి, బ్రేక్ ఆయిల్ మార్చడానికి కావలసిన పనిముట్ల గురించి మాత్రమే. మాస్టర్ సిలిండర్, ఏబీఎస్ యూనిట్, ఉక్కు పైపులు కొత్తగా వేయడం వంటివి ఇంటి ముందు చేయదగిన పనులు కావు. వాటికి కావలసిన పనిముట్లు కొనగలిగినా, పని సరిగ్గా జరిగిందో లేదో పరీక్షించుకునే వీలు ఇంట్లో ఉండదు.

ముందు బండిని చూడాలి

మన దగ్గర తిరిగే చిన్న కార్లలో అత్యధికం ముందు చక్రాలకు డిస్కులతో, వెనుక చక్రాలకు డ్రమ్ములతో వస్తాయి. ఆల్టో, వ్యాగన్ఆర్, టియాగో వంటివన్నీ ఈ కోవలోవే. ధర పెరిగేకొద్దీ వెనుక కూడా డిస్కులు ఉంటాయి, ఆ వెనుక డిస్కులలో మళ్లీ ప్రధానంగా రెండు రకాలున్నాయి: చేతితో లాగే హ్యాండ్‌బ్రేకు తీగ నేరుగా క్యాలిపర్‌కు కలిసేవి కొన్ని, స్విచ్చు నొక్కితే మోటారుతో పట్టుకునే ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేకు ఉన్నవి మరికొన్ని. ఈ రెండు వెనుక డిస్కులకూ కావలసిన పనిముట్లు పూర్తిగా వేరు గనుక, ఒకే మోడల్లో మీ వేరియంట్‌కు ఏది వచ్చిందో తెలుసుకోకుండా ఏదీ కొనకూడదు. చక్రం సందులోంచి టార్చి వేసి చూస్తే డిస్కా డ్రమ్మా అన్నది తెలిసిపోతుంది. గేర్ రాడ్ పక్కన లాగే లీవర్ ఉందా, చిన్న స్విచ్చు ఉందా అన్నది మిగతా సంగతి చెబుతుంది.

చక్రం నట్లతో మొదలుపెడితే, మారుతి, హోండా కార్లలో ఎక్కువవాటికి 19 మి.మీ. సాకెట్ పడుతుంది, హ్యుందాయ్ కార్లకు 21 పడుతుంది, ఫోక్స్‌వాగన్, స్కోడా బండ్లకు నట్టు బదులు 17 మి.మీ. తల ఉన్న బోల్టు ఉంటుంది. ముందు క్యాలిపర్‌ను పట్టి ఉంచే గైడ్ పిన్ బోల్టులు జపాన్, కొరియా మూలాలున్న కార్లలో సాధారణంగా 12 లేదా 14 మి.మీ. ఉంటాయి. ఫోక్స్‌వాగన్ కుటుంబంలో కొన్నిటికి బోల్టు తల లోపలికి ఆరు మూలల గుంట ఉండి 7 మి.మీ. అలెన్ బిట్ అడుగుతుంది. ఈ 7 సైజు మామూలు అలెన్ కీల సెట్టులో ఉండదు, 6 నుంచి నేరుగా 8కి దూకుతుంది. 6ను దూర్చి తిప్పితే గుంట మూలలు పోతాయి, ఆపైన ఆ పిన్ను డ్రిల్లు వేసి తీయవలసిందే. క్యాలిపర్ వెనుక ఉండే బ్రాకెట్ బోల్టులు మరింత పెద్దవి, 17 గాని 19 గాని ఉంటాయి. డిస్కు మార్చే పని లేకపోతే వాటి జోలికి వెళ్లనవసరం లేదు.

బండితో వచ్చే చిన్న పుస్తకంలో ఈ వివరాలు ఉండవు. వర్క్‌షాప్ మాన్యువల్ దొరికితే అంతకన్నా కావలసింది లేదు. దొరకకపోతే ఒక ఆదివారం ఉదయం చక్రం విప్పి, బోల్టు తల రెండు ఎదురెదురు ముఖాల మధ్య దూరాన్ని వెర్నియర్‌తో కొలిచి రాసుకుని, మళ్లీ చక్రం బిగించేయవచ్చు. ఆ రోజు మరేదీ విప్పకూడదు, చూడడం వరకే పని. తుప్పు ఎంత పట్టింది, రబ్బరు తొడుగులు చిరిగాయా, బ్లీడర్ మీద టోపీ ఉందా అన్నవీ అప్పుడే గమనించి ఫోనులో ఫొటోలు తీసుకుంటే, దుకాణంలో నిలబడినప్పుడు జ్ఞాపకశక్తి మీద ఆధారపడనవసరం ఉండదు.

బండి కింద నిలిపేవి

డబ్బు ముందుగా పెట్టవలసింది పానాల మీద కాదు, బండిని గాలిలో నిలిపి ఉంచే వాటి మీద. డిక్కీలో కంపెనీ ఇచ్చిన కత్తెర జాకీ పంక్చరు అయినప్పుడు చక్రం మార్చడానికి ఇచ్చింది. దాని మీద బండిని నిలిపి బ్రేకు పని చేయకూడదు, ఎందుకంటే బిగిసిన బోల్టును లాగేటప్పుడు బండి పక్కకు ఊగుతుంది, కత్తెర జాకీ నేరుగా వచ్చే బరువును మోస్తుంది గాని పక్క ఊపును తట్టుకోలేదు. లేపడానికి దాన్నే వాడినా, లేపిన వెంటనే 2 టన్నుల సామర్థ్యం ఉన్న జాకీ స్టాండును బండి అంచు కింద కంపెనీ గుర్తించిన బలమైన చోట పెట్టి బరువును దాని మీదికి దించాలి. పెద్ద ఎస్‌యూవీ అయితే 3 టన్నులవి తీసుకోవాలి. ఇటుకలు, సిమెంటు హాలో బ్రిక్కులు పెట్టడం మన దగ్గర చాలాచోట్ల కనిపిస్తుంది. అవి నొక్కుడును మోసినట్టే కనిపించి, ఒక మూల మీద బరువు పడిన క్షణంలో ముందు హెచ్చరిక లేకుండా పగిలిపోతాయి. ఆ పద్ధతి పూర్తిగా మానేయాలి.

నేల సంగతి కూడా చూసుకోవాలి. అపార్టుమెంటు సెల్లారులో దిగే వాలు దగ్గర కాకుండా చదునైన చోటు వెతకాలి. తారు రోడ్డు వేసవి ఎండకు మెత్తబడి స్టాండు కాళ్లు దిగిపోతాయి గనుక వాటి కింద మందమైన ప్లైవుడ్ ముక్క వేయాలి. వెనుక చక్రాల పని చేసేటప్పుడు హ్యాండ్‌బ్రేకు దించే ఉంచాలి కాబట్టి ముందు చక్రాలకు రెండు వైపులా అడ్డుదిమ్మలు పెట్టి, మాన్యువల్ బండి అయితే మొదటి గేరులో ఉంచాలి.

మూలలను కాపాడే పానా

బ్రేకు బోల్టులు వేడికీ నీటికీ తడిసి ఎండి బిగుసుకుంటాయి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వైపు ఉప్పుగాలి తగిలే బండ్లలో ఈ తుప్పు మరింత గట్టిది. అలాంటి బోల్టును విప్పేటప్పుడు పానా ఎంత పొడవుందన్నదాని కంటే బోల్టు తలను ఎన్ని చోట్ల, ఎంత విస్తారంగా పట్టుకుంటుందన్నది ముఖ్యం. నోరు తెరిచి ఉన్న పానా రెండు ముఖాలనే పట్టుకుంటుంది, బలం పెరిగితే దాని దవడలు కొద్దిగా విచ్చుకుని మూలల మీద జారుతుంది. పన్నెండు పళ్ల రింగు పానా లేదా సాకెట్ తల చుట్టూ ఉంటుంది నిజమే గాని, ప్రతి పన్నూ మూలకు దగ్గరలోనే ఆనుతుంది కాబట్టి తుప్పుకు సన్నబడిన తల మీద అది కూడా మూలలను చెక్కేస్తుంది. ఆరు పళ్ల సాకెట్ మాత్రం మూల నుంచి దూరంగా ముఖం మీద ఆనుతుంది. బ్రేకు కోసం కొనే సాకెట్లు 8, 10, 12, 14, 17, 19 సైజులలో ఆరు పళ్లవే అయి ఉండాలన్నది ఈ వ్యాసంలో ఒక్క మాటే గుర్తుంచుకోగలిగినవారు గుర్తుంచుకోవలసిన మాట.

అంగుళాల సైజులు కలిసి వచ్చే పెట్టెలతో ఒక చిక్కు ఉంది. 9/16 అంగుళాల పానా నోరు 14.3 మి.మీ. ఉంటుంది, అది 14 బోల్టు మీద ఎక్కుతుంది, తిరిగినట్టే ఉంటుంది, మూడో ప్రయత్నంలో మూలలు తినేస్తుంది. మన కార్లన్నీ మిల్లీమీటర్ల కొలతలవే గనుక అంగుళాల సాకెట్లను ఇంట్లో వేరే డబ్బాలో పెట్టడం మంచిది. అంగుళాల లెక్క మిగిలేది సాకెట్ వెనుక ఉండే చదరపు రంధ్రానికి మాత్రమే. చక్రం నట్లకు, బ్రాకెట్ బోల్టులకు అర అంగుళం రాచెట్ (సాకెట్‌ను తిప్పే పిడి), గైడ్ పిన్నులకు 3/8 అంగుళం రాచెట్ ఉంటే ఈ పనికి సరిపోతుంది. బిగుసుకున్న నట్టు విప్పడానికి రాచెట్ వాడకూడదు, దాని లోపలి పళ్లు విరుగుతాయి. దానికి వేరుగా అర అంగుళం బ్రేకర్ బార్ ఒకటి, దాదాపు అర మీటరు పొడవుది, ఉండాలి.

బ్రేకు పైపు నట్టు దగ్గర కథ మారుతుంది. సన్నని ఉక్కు పైపు నట్టు మధ్యలోంచి పోతుంది గనుక సాకెట్ గాని పూర్తి రింగు గాని దాని మీదికి రాదు. నోరు పానా వేస్తే మెత్తటి నట్టు గుండ్రమైపోతుంది. దీనికి ఫ్లేర్ నట్ పానా అని ఉంటుంది: రింగులో పైపు దూరేంత చీలిక మాత్రమే కోసి, మిగతా ఐదు ముఖాలనూ పట్టుకునేలా చేసిన పానా. చాలా కార్లకు 10 మి.మీ., కొన్నిటికి 11 మి.మీ. పడుతుంది. చవక రకంలో ఈ చీలిక దగ్గర లోహం పలచగా ఉండి బలం పెడితే విచ్చుకుంటుంది, కాబట్టి దీని విషయంలో మాత్రం పొదుపు చూపకూడదు. పైపు రబ్బరు హోసుతో కలిసే చోట హోసు చివరి లోహపు తలను రెండో పానాతో గట్టిగా పట్టుకుని నట్టును తిప్పాలి, లేకపోతే హోసూ తిరుగుతుంది, పైపూ మెలిపడుతుంది. ప్యాడ్లు మాత్రమే మార్చేవారికి పైపు విప్పే పనే రాదు. క్యాలిపర్ మార్చేవారే ఈ పానా కొనుక్కోవాలి.

డిస్కును హబ్బుకు (చక్రం బిగించే మధ్య భాగానికి) పట్టి ఉంచే చిన్న స్క్రూలు హోండా, హ్యుందాయ్ బండ్లలో ఉంటాయి. ఇవి బ్రేకు పనిలో అందరినీ ఏడిపించే స్క్రూలు. మామూలు స్క్రూడ్రైవర్ వేసి తిప్పితే ప్లస్ గుర్తు గుంట నిమిషంలో గిన్నెలా అయిపోతుంది. వీటికి సుత్తితో కొట్టినప్పుడు లోపలికి నొక్కుతూనే తిరిగే ఇంపాక్ట్ స్క్రూడ్రైవర్ కావాలి. దాని మొనకు 3వ నంబరు ప్లస్ బిట్ వేసి, గుంటలోని తుప్పు, మట్టి పిన్నుతో గీరి తీసి, బిట్ అడుగుదాకా కూర్చుందని చూసుకుని, విప్పే దిశకు తిప్పి పెట్టి సుత్తితో గట్టిగా ఒక్క దెబ్బ వేయాలి. మెల్లగా వేసే పది దెబ్బల కన్నా గట్టి దెబ్బ ఒకటే పని చేస్తుంది.

పిస్టన్‌ను వెనక్కి పంపడం

పాత ప్యాడ్లు అరిగేకొద్దీ, క్యాలిపర్ లోపల వాటిని నెట్టే పిస్టన్ బయటికి వచ్చి ఉంటుంది, కొత్త ప్యాడ్లు మందంగా ఉంటాయి కాబట్టి దాన్ని లోపలికి నెట్టకపోతే క్యాలిపర్ డిస్కు మీద కూర్చోదు. ముందు చక్రాలకు ఇది తేలిక. ఆరు అంగుళాల సి క్లాంపు ఒకటి, పిస్టన్ ముఖం మీద పెట్టడానికి పాత ప్యాడు ఒకటి చాలు. క్లాంపు మొన నేరుగా పిస్టన్ అంచు మీద పడితే అది వంకరగా దిగి సిలిండర్ గోడను గీరుతుంది, పాత ప్యాడు మధ్యలో ఉంటే బరువు సమంగా పరచుకుంటుంది. మెల్లగా బిగిస్తూ పోతే పిస్టన్ దిగుతుంది. క్లాంపు పిడిని రెండు చేతులతో లాగినా కదలకపోతే పిస్టన్ తుప్పు పట్టి ఇరుక్కుందని అర్థం, దాన్ని సుత్తితో కొట్టి దించడం మరమ్మతు కాదు, ఆ క్యాలిపర్‌కు సర్వీసు కావాలి. పిస్టన్ దిగినప్పుడు బానెట్ కింద బ్రేక్ ఆయిల్ డబ్బాలో మట్టం పెరిగి పొంగవచ్చు. బ్రేక్ ఆయిల్ రంగును తినేస్తుంది గనుక, ముందే మందుల షాపు సిరంజీతో కొంత తీసి పక్కన పెట్టాలి. ఆ సిరంజీని మళ్లీ మరి దేనికీ వాడకూడదు.

వెనుక డిస్కు, తీగ హ్యాండ్‌బ్రేకు ఉన్న క్యాలిపర్ దగ్గర సి క్లాంపు పనికిరాదు, పైగా చెడుపు చేస్తుంది. ఆ పిస్టన్ లోపల మరలు ఉన్న దండ మీద కూర్చుంటుంది. నెట్టితే దిగదు, తిప్పుతూ నెట్టితేనే దిగుతుంది. బలవంతంగా క్లాంపు బిగించినవారు లోపలి సర్దుబాటు యంత్రాన్ని పాడుచేసి, హ్యాండ్‌బ్రేకు పట్టని బండితో షెడ్డుకు వెళతారు. పిస్టన్ ముఖం చూస్తేనే ఇది తెలిసిపోతుంది: నున్నగా గిన్నెలా ఉంటే నెట్టేది, ఎదురెదురుగా రెండు గాని నాలుగు గాని గాట్లు ఉంటే తిప్పేది.

తిప్పడానికి దొరికే పనిముట్లు రెండు రకాలు. మొదటిది ఆరు ముఖాలకూ వేర్వేరు దూరాలలో బొడిపెలున్న చిన్న ఘనం. రాచెట్‌కు తగిలించి వాడతారు. ధర తక్కువ, కాని అది తిప్పుతుందే తప్ప నెట్టదు, నెట్టే బలం మన అరచేతి నుంచి రావాలి, అందుకే అది గాట్లలోంచి జారి పిస్టన్ చుట్టూ ఉన్న రబ్బరు తొడుగును చింపే ప్రమాదం ఉంది. రెండోది పెట్టెలో వచ్చే విండ్‌బ్యాక్ సెట్టు. మరలున్న ఒక దండ, వెనుక ఆనించే పలక, రకరకాల పిన్నులున్న అడాప్టర్ పళ్లేలు అందులో ఉంటాయి. దండ ఒక పక్క క్యాలిపర్ గోడకు ఆనుకుని, మరోపక్క పిస్టన్‌ను తిప్పుతూనే లోపలికి తోస్తుంది కాబట్టి ఒకే చేత్తో సమంగా పని జరుగుతుంది. ఎక్కువ కార్లలో గడియారం ముల్లు దిశలో తిప్పితే పిస్టన్ దిగుతుంది. కొన్నిటిలో ఒక పక్క క్యాలిపర్ దానికి వ్యతిరేకంగా తిరుగుతుంది. అందుకే కుడి, ఎడమ మరలు రెండూ ఉన్న దండలు ఇచ్చే సెట్టే కొనాలి. కొనే ముందు పిస్టన్ గాట్ల మధ్య దూరం కొలిచి, ఆ దూరానికి సరిపోయే పళ్లెం సెట్టులో ఉందో లేదో చూసుకోవాలి.

పని చేసేటప్పుడు హ్యాండ్‌బ్రేకు పూర్తిగా దించి ఉండాలి. పిస్టన్ తిరుగుతున్నప్పుడు దాని చుట్టూ ఉన్న రబ్బరు తొడుగు కూడా మెలిపడుతోందేమో గమనిస్తూ ఉండాలి. మెలిపడితే ఆపి, తొడుగు అంచును సిలికాన్ గ్రీజుతో తడిపి వేలితో సర్ది మళ్లీ తిప్పాలి. చివరికి పిస్టన్ ముఖం మీది గాటు, ప్యాడు వెనుక ఉండే చిన్న బొడిపె ఎదురెదురుగా వచ్చేలా నిలపాలి, లేకపోతే ప్యాడు వంకరగా కూర్చుని ఒక అంచే అరుగుతుంది. ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేకు ఉన్న బండ్లలో వీటన్నిటికీ ముందు మోటారును సర్వీసు స్థితికి తేవాలి. దానికి బండిని గుర్తించే స్కానర్ గాని, కొన్ని కార్లలో కంపెనీ చెప్పిన పెడలు, స్విచ్చుల క్రమం గాని కావాలి. ఆ స్కానర్ కొనడానికి పెట్టే డబ్బు రెండు మూడు సార్ల ప్యాడ్ల మార్పు కూలికి సమానమవుతుంది గనుక, ఆ ఒక్క వెనుక ఇరుసు పనిని షెడ్డుకు వదిలిపెట్టడం లెక్క తెలిసినవారు చేసే పని.

డ్రమ్ము విప్పేవారికి

డ్రమ్ము తరచుగా హబ్బుకు అతుక్కుపోయి ఉంటుంది. చాలా డ్రమ్ముల ముఖం మీద మరలున్న రెండు చిన్న రంధ్రాలు కనిపిస్తాయి. వాటిలోకి సరిపోయే బోల్టులు, చాలావరకు ఎం8 (మర వ్యాసం 8 మి.మీ.) సైజువి, రెండూ మార్చి మార్చి కొద్దికొద్దిగా బిగిస్తే డ్రమ్ము దానంతట అదే బయటికి తోసుకు వస్తుంది. సుత్తితో అంచు మీద కొట్టి పగలగొట్టే అవసరం ఉండదు. హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే ఆ రెండు బోల్టుల కంటే విలువైన డ్రమ్ము పనిముట్టు లేదనవచ్చు. కొన్ని పాత చిన్న కార్లలో డ్రమ్మూ బేరింగు హబ్బూ ఒకటే ముక్కగా ఉంటాయి, మధ్య పెద్ద నట్టు విప్పితే గాని రావు. ఆ నట్టు బిగింపు లెక్క తప్పితే బేరింగు పోతుంది కాబట్టి మొదటిసారి చేసేవారు వాటి జోలికి పోకపోవడమే మేలు.

లోపలి స్ప్రింగులను కటింగ్ ప్లయరుతో లాగేవారు చాలామందే ఉన్నారు. స్ప్రింగు జారితే ముఖం మీదికే వస్తుంది. డ్రమ్ము స్ప్రింగు ప్లయరు, షూ పట్టే చిన్న స్ప్రింగు టోపీని నొక్కి తిప్పే పనిముట్టు, ఈ రెండూ కొనుక్కోవాలి, కళ్లద్దాలు పెట్టుకోవాలి. ఒకేసారి రెండు వైపులా విప్పకుండా, ఒక వైపు పూర్తయ్యేదాకా రెండో వైపు నమూనాగా ఉంచుకుంటే స్ప్రింగుల అమరిక మరిచిపోయే భయం ఉండదు.

కొలిచేవి

ప్యాడు రాపిడి పదార్థం 3 మి.మీ.కు వచ్చిందంటే మార్చే సమయం వచ్చినట్టే. డిస్కు విషయం అంత తేలిక కాదు. ఎంత మందానికి తగ్గితే పారేయాలన్నది డిస్కు మీదే, మధ్య టోపీ భాగం మీద గాని అంచు మీద గాని, చెక్కి ఉంటుంది. కాని అరిగిన డిస్కుకు బయటి అంచున ప్యాడు తగలని చోట చిన్న గట్టు మిగిలిపోతుంది, మామూలు వెర్నియర్ దవడలు ఆ గట్టు మీద ఆనుకుని అసలు కన్నా ఎక్కువ మందం చూపిస్తాయి. మైక్రోమీటర్ ఉంటే ఈ బాధ లేదు. లేనివారు ఒకేరకం నాణేలు రెండు తీసుకుని, డిస్కుకు అటొకటి ఇటొకటి గట్టు లోపలి వైపున ఆనించి, నాణేలతో కలిపి వెర్నియర్‌తో కొలిచి, తరువాత రెండు నాణేల మందం విడిగా కొలిచి తీసేస్తే సరైన లెక్క వస్తుంది. డిస్కు చుట్టూ నాలుగైదు చోట్ల కొలవాలి, అన్నిటిలోకి తక్కువ వచ్చినదే లెక్కలోకి తీసుకోవాలి.

టార్క్ రెంచి

ఎంత బిగింపు కావాలో అంకె పెట్టి అంతే బిగించడానికి వాడే పనిముట్టు ఇది. ఇంట్లో పని చేసేవారు ఎక్కువగా మానేసేదీ, మానకూడనిదీ ఇదే. పావు మీటరు పొడవున్న పిడి చివర 40 కిలోల బలం మోపితే దాదాపు 100 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) వస్తుంది. చిన్న కారు చక్రం నట్టుకు సుమారుగా అంతే చాలు. గైడ్ పిన్ బోల్టుకు చాలా చిన్న కార్లలో 20 నుంచి 35 మధ్యే కావాలి. బ్లీడర్ స్క్రూకు 7 నుంచి 10 చాలు, అంటే 12 సెంటీమీటర్ల పానాకు 7 కిలోల బలం. చేతికి ఆ తేడా తెలుస్తుందని అనుకునేవారు ఒకసారి రెంచితో పోల్చి చూసుకుంటే ఆ అభిప్రాయం మారుతుంది. కచ్చితమైన అంకె మాత్రం మీ మోడల్ వర్క్‌షాప్ మాన్యువల్ నుంచే తీసుకోవాలి. అందులో కేజీ మీటర్లలో ఇస్తే 9.8తో, అమెరికా పద్ధతిలో పౌండు అడుగులలో ఇస్తే 1.36తో గుణిస్తే న్యూటన్ మీటర్లు వస్తాయి.

ఒకే రెంచి అన్నిటికీ పనికిరాదు. పెట్టిన అంకె రాగానే క్లిక్కుమనే రకం రెంచి తన పరిధిలో అడుగు భాగాన నమ్మదగినది కాదు, కాబట్టి 200 దాకా కొలిచే అర అంగుళం రెంచితో 25 న్యూటన్ మీటర్లు బిగించబోతే క్లిక్కు వినిపించక బోల్టు తెగే దాకా తిప్పేస్తారు. ఒకటే కొనగలిగితే చక్రాల కోసం అర అంగుళందే కొనుక్కుని, గైడ్ పిన్నుల కోసం 3/8 అంగుళాల చిన్న రెంచిని తెలిసిన మెకానిక్కు దగ్గర ఒక రోజుకు అడిగి తెచ్చుకోవచ్చు. విప్పడానికి టార్క్ రెంచి వాడకూడదు. వాడిన తరువాత దాన్ని కనిష్ఠ అంకె దాకా తిప్పి పెట్టెలో పెట్టాలి, లేకపోతే లోపలి స్ప్రింగు సడలి అంకెలు అబద్ధం చెబుతాయి.

ఆయిల్ తీసేటప్పుడు

బ్లీడర్ స్క్రూ లోపల బోలుగా ఉంటుంది, దాని మొన దగ్గర పక్కకు ఒక రంధ్రం ఉంటుంది. తుప్పుపట్టిన స్క్రూ విరిగేది సరిగ్గా ఆ రంధ్రం దగ్గరే. మొదట 8 లేదా 10 మి.మీ. ఆరు పళ్ల సాకెట్‌తో చిన్నగా బిగించే దిశకు తట్టి, తరువాత విప్పే దిశకు తిప్పితే తుప్పు పట్టు వదులుతుంది. ఒకసారి వదులయ్యాక సాకెట్ తీసేసి రింగు పానా పెట్టి, దాని మీదుగా పారదర్శకమైన గొట్టం తొడగాలి. అక్వేరియం గొట్టంలాంటి సన్నని గొట్టం, అడుగున కొద్దిగా కొత్త ఆయిల్ పోసిన సీసా, పెడలు తొక్కేందుకు ఇంట్లో ఒక మనిషి ఉంటే మరే యంత్రమూ అక్కర్లేదు. ఒంటరిగా చేసేవారికి చేతి వాక్యూమ్ పంపు దొరుకుతుంది గాని, స్క్రూ మరల పక్కనుంచి గాలి లాగి లేని బుడగలు చూపిస్తూ తికమక పెడుతుంది. ఆ డబ్బుకు ఒత్తిడి మీద ఆయిల్ తోసే సీసా రకమే నయం. బానెట్ కింది డబ్బా మూత మీద రాసి ఉన్న గ్రేడే (డాట్ 4 వంటిది) పోయాలి. డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155కు పడిపోతుంది. అందుకే మూత తెరిచి నెలలుగా ఉంచిన సీసా నుంచి పోయకూడదు. డాట్ 5 సిలికాన్ రకం, డాట్ 5.1తో పేరు దగ్గరగా ఉన్నా, దానితో కలవదు.

గైడ్ పిన్నులకు సిలికాన్ లేదా బ్రేకుకే తయారుచేసిన సింథటిక్ గ్రీజు వాడాలి. బేరింగు గ్రీజు రబ్బరును ఉబ్బించి పిన్నును బిగించేస్తుంది. దుమ్మును గాలితో ఊదకూడదు, స్ప్రే బ్రేక్ క్లీనరుతో తడిపి తుడవాలి. విప్పిన క్యాలిపర్‌ను రబ్బరు హోసు మీద వేలాడదీయకుండా కొక్కెంలా వంచిన కట్టుతీగతో బండి సస్పెన్షన్ స్ప్రింగుకు తగిలించాలి.

కొనడం, అడిగి తెచ్చుకోవడం

సికింద్రాబాద్ రాణీగంజ్‌లోనూ విజయవాడ ఆటోనగర్‌లోనూ చేతిలోకి తీసుకుని చూసి కొనే సౌకర్యం ఉంది, ఆన్‌లైన్‌లో అది లేదు. సాకెట్‌ను బోల్టు మీద పెట్టి ఊపి చూడాలి. ఆట ఎక్కువ ఉంటే వద్దనాలి. అందుకోసం అరిగిన బోల్టు కాక మీ బండి సైజు కొత్త బోల్టు ఒకటి జేబులో వేసుకెళ్లడం తెలివైన పని. టాపారియా వంటి పేరున్న రకాలకు నకళ్లు వస్తుంటాయి గనుక బిల్లు ఇచ్చే దుకాణంలోనే తీసుకోవాలి. అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఇంకో వెసులుబాటు ఉంది: ఆటోజోన్, ఓరైలీ దుకాణాలలో విండ్‌బ్యాక్ సెట్టు వంటివి డిపాజిట్ కట్టి తీసుకెళ్లి, పని అయ్యాక తిరిగిచ్చి డబ్బు వెనక్కి తీసుకోవచ్చు. ఏడాదికోసారి వాడే పనిముట్టుకు అంతకన్నా మంచి మార్గం లేదు. ఇక్కడ ఆ ఏర్పాటు లేదు కాబట్టి, ఒకే అపార్టుమెంటులో నలుగురు కలిసి విండ్‌బ్యాక్ సెట్టు, చిన్న టార్క్ రెంచి కొనుక్కుంటే ఎవరికీ భారం ఉండదు.

పని పూర్తయిన తరువాత బండి కదిలించే ముందు పెడలు గట్టిపడే దాకా తొక్కాలి. వెనక్కి పోయిన పిస్టన్లు మళ్లీ ప్యాడ్లను తాకేదాకా పెడలు అడుగుకు దిగిపోతుంది, ఆ స్థితిలో గేరు వేస్తే ఎదురుగా ఉన్న గోడే బ్రేకు. ఆయిల్ మట్టం చూసి మూత బిగించి, ఖాళీ వీధిలో నెమ్మదిగా పదిసార్లు ఆపి చూసి, వంద కిలోమీటర్ల లోపు చక్రం నట్లను టార్క్ రెంచితో మరోసారి సరిచూడాలి. తీసిన పాత ఆయిల్‌ను మురుగు కాలువలో పోయకుండా, మూతపెట్టిన సీసాలో పోసి సర్వీసు సెంటరుకు గాని పాత ఇంజిన్ ఆయిల్ తీసుకునే షెడ్డుకు గాని ఇవ్వాలి. ఇంజిన్ ఆయిల్‌లో దాన్ని కలపకుండా విడిగా ఇస్తేనే వారు తీసుకుంటారు.